అప్‌డేట్: సెస్నా 172 ఎడమ చక్రం దగ్గర ఎర్రటి లీక్, కారణం దొరికింది

సెస్నా 172 అనే చిన్న విమానానికి ప్రీఫ్లైట్ (ఎగిరే ముందు తనిఖీ) చేస్తుంటే ఎడమ మెయిన్ వీల్ లోపలి వైపు ఎర్రటి చుక్కలు కనిపించాయని, ఇలాగే ఎగరొచ్చా అని మొన్న అడిగాను. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

తెల్ల టిష్యూతో తుడిచి రంగు చూడమన్న సలహానే పనికొచ్చింది. ఎర్రగా, జిడ్డుగా అంటుకుంది. విమానంలో పోసే 100ఎల్ఎల్ పెట్రోలైతే నీలంగా ఉండి ఇట్టే ఆరిపోయేది. ఇంజిన్ ఆయిలైతే గోధుమ రంగులో ఉండేది. అంటే ఇది పెడల్ ఒత్తిడిని బ్రేక్‌కి చేరవేసే 5606 రకం హైడ్రాలిక్ ఫ్లూయిడ్. పెడల్ నొక్కితే ఎడమ వైపు మెత్తగా దిగిపోతోంది కూడా. ఇన్‌స్ట్రక్టర్ గారు వెంటనే ఫ్లైట్ ఆపేశారు.

మెకానిక్ కాలిపర్ (చక్రంతో తిరిగే డిస్క్‌ను పట్టి నొక్కే బ్రేక్ భాగం) విప్పితే పిస్టన్ చుట్టూ ఉండే ఓ-రింగ్ (ఫ్లూయిడ్ కారకుండా ఆపే రబ్బరు రింగు) గట్టిపడి, ఒక చోట చిట్లి ఉంది. గోటితో నొక్కినా అణగడం లేదు. కొత్తది వేసి, ఫ్లూయిడ్‌లో తడిసిన బ్రేక్ లైనింగులు (డిస్క్‌కు రాసుకునే పట్టీలు) మార్చి, బ్రేక్ పైపులో గాలి తీసేసి, లాగ్‌బుక్‌లో సంతకం చేశాకే విమానం ఇచ్చారు.

కొందరు జవాబుల్లో చెప్పిన ఫ్యూయల్ డ్రెయిన్ (ట్యాంకు అడుగున పెట్రోలు తీసే వాల్వ్), నోస్ స్ట్రట్ (ముందు చక్రం కుదుపులు తట్టుకునే కాలు) సీల్ అనుమానాలు దీనికి సంబంధం లేనివి. స్ట్రట్‌లోనూ ఇదే ఎర్ర ఫ్లూయిడ్ ఉంటుంది కానీ ముందు చక్రం దగ్గరంతా పొడిగానే ఉంది.

"నాలుగు చుక్కలే కదా" అన్నవాళ్లకు ఒక్క మాట. 172లో ఏ చక్రం బ్రేక్ దానిదే. ఎడమది పోతే ల్యాండింగ్‌లో బ్రేక్ వేయగానే విమానం కుడికి లాగేస్తుంది. పైగా ఆ ఫ్లూయిడ్‌కి మంట అంటుకుంటుంది, పక్కనే ఉండే డిస్క్ బాగా వేడెక్కుతుంది. దయచేసి మెకానిక్ చూడకుండా ఎగరకండి.