అప్‌డేట్: విడిపోయాక కూడా అతని మీదే మనసు లాగుతోందని అడిగింది నేనే

సైకోపాత్‌లాంటి మనిషిని వదిలి వచ్చేశాక కూడా ఇంకా ఎందుకీ బెంగ, నాకేమైనా పిచ్చా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే టెలి మానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేశా, తెలుగులోనే మాట్లాడారు, ఫ్రీ. తర్వాత కలిసిన కౌన్సెలర్ మేడమ్ అయితే, అతను సైకోపాతా కాదా అని తేల్చే పని ముందు మానేయమన్నారు. సైకోపాతా కాదా అని చూడ్డానికి రాబర్ట్ హేర్ అనే సైకాలజిస్ట్ తయారుచేసిన చెక్‌లిస్ట్‌లో 20 అంశాలుంటాయట, ట్రైనింగ్ ఉన్నవాళ్లు వేయాల్సిన మార్కులట అవి, అర్ధరాత్రి ఫోన్ పట్టుకుని నేను వేసేవి కాదు. రోజూ తిట్టి ఎప్పుడో ఓసారి బిర్యానీ తెచ్చి బుజ్జగిస్తే, ఆ ఓసారి కోసమే మనసు కాచుక్కూర్చుంటుందట, అదీ బెంగ. బుల్లెట్ బండి చప్పుడు వింటే ఇంకా చేతులు చల్లబడుతున్నాయి గానీ నిద్ర పడుతోంది. వాళ్లక్క "వాడు తిండి మానేశాడమ్మా" అని వాట్సాప్‌లో పెట్టింది, ఆవిడనీ బ్లాక్ చేశా. వచ్చే వారం సిట్టింగ్‌కి అమ్మ కూడా వస్తానంటోంది.