టీఎస్‌హెచ్ 9.2 వచ్చింది, మాత్ర 75 నుంచి 100కి పెంచచ్చా?

మాది గుంటూరు బ్రాడీపేట. అమ్మకి 58 ఏళ్లు. ఆరేళ్లుగా థైరాయిడ్ మాత్ర 75 మైక్రోగ్రాములది వేసుకుంటోంది. రక్తపరీక్షలో ఎప్పుడూ మూడు దాటని టీఎస్‌హెచ్ (ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పెరిగే అంకె) మొన్న 9.2 వచ్చింది. మధ్యాహ్నమైతే కూర్చున్నచోటే కునుకు తీస్తోంది. డాక్టరు గారు సోమవారం గాని దొరకరు. ఈలోపు షాపులో 100 తెచ్చి మొదలుపెట్టమని పెద్దమ్మ అంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది.

పటమట, విజయవాడ నుంచి:
వద్దమ్మా, సోమవారం దాకా ఆగు. నేను 11 ఏళ్లుగా వాడుతున్నా. ఒకసారి నీరసంగా ఉందని 50 నుంచి 100కి నేనే పెంచేసుకున్నా. నెల తిరక్కుండానే గుండె దడ, రాత్రి నిద్ర లేదు. పెనం మీద దోసె తిప్పుతుంటే చెయ్యి వణికి పిండి ఒకపక్కకే పోయేది. టెస్టు చేయిస్తే టీఎస్‌హెచ్ 0.05, అంటే మాత్ర ఎక్కువైపోయింది. పెంచాల్సి వస్తే డాక్టర్లు 12.5, 25 చొప్పున పెంచుతారు. గుండె జబ్బు ఉన్నవాళ్లకైతే ఇంకా జాగ్రత్తగా.

ఒకటి చెప్పు. అమ్మ ఈమధ్య కొత్త మాత్రలేమైనా మొదలుపెట్టారా? కాల్షియం, ఐరన్, గ్యాస్ మాత్ర?

ప్రశ్న అడిగినవారు:
అవునండీ! మూడు నెలల కిందట మోకాళ్ల నొప్పులకి వెళ్తే కాల్షియం రాశారు. ఇప్పుడే అమ్మ మాత్రల డబ్బా తెరిచి చూశాను. మర్చిపోకుండా ఉంటుందని రెండూ ఒకే గడిలో పెట్టుకుంది. పొద్దున్నే రెండూ కలిపి మింగి, వెంటనే కాఫీ తాగుతోంది.

పటమట, విజయవాడ నుంచి:
చాలావరకు అదే అయ్యుంటుంది. కాల్షియం ఆ మాత్రని ఒంటికి పట్టనివ్వదు. రెంటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపున నీళ్లతోనే, కాఫీ కనీసం అరగంట తర్వాత, గంటైతే మరీ మంచిది. ఈ కాల్షియం సంగతి డాక్టరు గారికి తప్పకుండా చెప్పు. తెలియకపోతే డోసు పెంచుతారు, తర్వాత కాల్షియం ఆపిన రోజున అది ఎక్కువైపోతుంది.

కొత్తపేట, గుంటూరు నుంచి:
ల్యాబులో పనిచేస్తాను. మార్పు ఏది చేసినా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి టెస్టు చేయించండి. ఒంట్లో ఈ మాత్రలోని హార్మోన్ సగం తగ్గడానికే వారం పడుతుంది, పది రోజులకే చేయిస్తే ఆ రిపోర్టుని నమ్మలేం. జుట్టుకి బయోటిన్ వాడుతుంటే రెండు రోజుల ముందే ఆపాలి, అంకెలు తారుమారవుతాయి.

ప్రశ్న అడిగినవారు:
బయోటిన్ లేదండీ. రిపోర్టు, కాల్షియం చీటీ రెండూ ఫైల్లో పెట్టాను. 75 అలాగే వేస్తున్నాం. కాల్షియం స్ట్రిప్ తీసి అమ్మ మధ్యాహ్నం అన్నం తినే బల్ల మీద, పచ్చడి జాడీ పక్కన పెట్టాను.