'కంజర్' అనే ఇంగ్లీషు క్రియకు అసలు అర్థం ఏది?

అనువాద విద్యార్థి అడిగిన ప్రశ్న:

నేను ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో సి, ఓ, ఎన్, జె, యు, ఆర్, ఇ అక్షరాలతో రాసే క్రియ మూడుచోట్ల వచ్చింది. ఒకచోట తడిసిన మట్టి వాసన రచయిత బాల్యాన్ని 'కంజర్ అప్' చేసింది. ఇంకొకచోట వంటగదిలో దాదాపు ఏమీ లేకపోయినా ఆయన తల్లి భోజనాన్ని 'కంజర్ అప్' చేసింది. చివర ఒక సంగీత విద్వాంసుడి గురించి 'ఎ నేమ్ టు కంజర్ విత్' అన్నారు. నిఘంటువులో 'మంత్రించు, గారడీ చేయు' అన్న అర్థాలు ముందు కనిపిస్తున్నాయి గానీ అవి ఈ మూడింటిలో ఒక్కదానికీ అతకడం లేదు. వీటి మధ్య సంబంధం ఏమిటి? 'అప్' తప్పనిసరిగా ఉండాలా? ఉచ్చారణ కూడా రెండు విధాలుగా విన్నాను, ఏది సరైనది?

పదమూలాల పాఠకుడు:

ఈ మాట పుట్టుకలో మంత్రం లేదు, ఒట్టు ఉంది. లాటిన్‌లో 'కలిసి ప్రమాణం చేయడం' అన్న అర్థంగల క్రియ పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. జ్యూరీ, పర్జురీ అన్న న్యాయస్థానపు మాటలు కూడా ఆ ప్రమాణపు ధాతువు నుంచి వచ్చినవే. నలుగురు చేరి రహస్యంగా ప్రమాణం చేస్తే అది కుట్ర అవుతుంది కనుక లాటిన్‌లో ఆ అర్థమూ ఉండేది. ఎదుటివాణ్ణి ఒట్టుతో కట్టడి చేసి ఒక పని చేయమనడం తర్వాతి మెట్టు. అదే కట్టడిని మనుషుల మీద కాక ఆత్మల మీద, పిశాచాల మీద ప్రయోగించి, పవిత్రమైన పేరు ఉచ్చరించి 'రా' అని శాసించడం ఈ క్రియకు మాంత్రికార్థం అయింది. ఇది బతిమాలడం కాదు, ఆజ్ఞాపించడం అన్నది ఇక్కడ గమనించాలి. ఇంగ్లండులో 1604 నాటి మంత్రవిద్యా నిషేధ చట్టం పేరులోనే 'కంజరేషన్' అన్న మాట ఉంది. అంటే అప్పట్లో అది అక్షరాలా నేరం. ఆ భయం సడలిన కొద్దీ మాట వినోదకారుల చేతికి వచ్చింది. టోపీలోంచి కుందేలును తీసేవాణ్ణి బ్రిటిషువారు ఇప్పటికీ 'కంజరర్' అంటారు, అమెరికాలో 'మెజీషియన్' అన్నదే ఎక్కువ వాడుక. అయితే అమెరికా దక్షిణాది నల్లజాతి వారి జానపద మంత్ర వైద్య సంప్రదాయానికి 'కంజర్' అన్నది నామవాచకంగా నిలిచిపోయింది. అక్కడ అది గారడీ కాదు, నమ్మకం.

వాడుక పరిశీలకుడు:

పై వివరణను పట్టుకుంటే మీ మూడు వాక్యాలూ విడిపోతాయి. ఎదుట లేనిదాన్ని ఎదుటికి రప్పించడం అన్నదే వాటన్నిటికీ సమానం. వాసన గానీ పాట గానీ జ్ఞాపకాన్ని రప్పించినప్పుడూ, చేతిలో పెద్దగా ఏమీ లేకుండా ఒకటి సృష్టించినప్పుడూ 'అప్' చేర్చడమే సహజం. 'అప్' లేకుండా జ్ఞాపకం గురించి రాసినవి కనిపిస్తాయి గానీ కొంచెం సాహిత్య ధోరణిగా ఉంటాయి. కర్మ లేకుండా ఒంటరిగా వాడితే గారడీ చేయడం అనే అర్థం.

మొదటి వాక్యానికి 'బాల్యాన్ని కళ్లకు కట్టింది' అనవచ్చు. రెండోదానికి 'ఉన్న కాస్తలోనే ఎలా చేసిందో గానీ భోజనం సిద్ధం చేసింది' అంటే ఆ ఆశ్చర్యం నిలుస్తుంది. ఒక్క క్రియతో తెమిల్చేస్తే ఆశ్చర్యం పోతుంది. మూడోదానిలో, ఉచ్చరిస్తే ఆత్మలు లేచి వచ్చేటంత శక్తిగల పేరు అన్న పాత నమ్మకం దాగి ఉంది కనుక 'ఆ పేరు చెబితే చాలు' అన్న మన నుడికారం చక్కగా సరిపోతుంది. 'ప్రసిద్ధుడు' అని రాస్తే వాక్యం చప్పబడుతుంది.

ఇంకో పాఠకుడు:

ఉచ్చారణ సంగతి ఎవరూ చెప్పలేదు. మంత్రం, గారడీ, జ్ఞాపకం అర్థాల్లో మొదటి అక్షరం మీద ఊనికతో 'కంజర్' అంటారు. 'ఒట్టు పెట్టి వేడుకుంటున్నాను' అనే పాత అర్థంలో రెండో భాగం మీద ఊనికతో 'కన్‌జ్యూర్' అనడం సంప్రదాయం. మాక్బెత్ నాటకం నాలుగో అంకంలో మాక్బెత్ మంత్రగత్తెలను తనకు జవాబు చెప్పమని నిలదీసేది ఈ క్రియతోనే. ఎదురుగా ఉన్నది మంత్రగత్తెలే అయినా అక్కడ అర్థం మంత్రించడం కాదు, వారి విద్య మీద ఒట్టు పెట్టడం. ఈ అర్థం నేటి మాటల్లో వినబడదు గనుక మీరు రెండో ఉచ్చారణ కోసం శ్రమపడనక్కరలేదు.

ఒక హెచ్చరిక మాత్రం చేస్తాను. జ్ఞాపకాల విషయంలో 'ఇవోక్' దీనికి దగ్గరి మాటే గానీ, లెక్కలు, సాకులు, నిధుల విషయంలో 'కంజర్' వాడితే అనుమానపు ఛాయ వస్తుంది. ఒక మంత్రి అంకెలను శూన్యంలోంచి 'కంజర్' చేశాడని ఇంగ్లీషులో రాస్తే అది మెచ్చుకోలు కాదు, ఆ అంకెలకు ఆధారం లేదన్న ఎత్తిపొడుపు. 'ఇన్‌వోక్' వేరే దారి. దేవుణ్ణి, చట్టాన్ని, పాత తీర్పును తోడు పిలిచేటప్పుడు దాన్ని వాడతారు.

అనువాద విద్యార్థి:

అందరికీ కృతజ్ఞతలు. 'కంజర్ అవే' అన్న ప్రయోగం కూడా వ్యాసం చివరి పేరాలో ఉంది. అప్పులను 'కంజర్ అవే' చేయలేమని రచయిత అంటున్నారు. రప్పించడం అన్న అర్థానికి ఇది విరుద్ధంగా లేదా?

వాడుక పరిశీలకుడు:

విరుద్ధం కాదు. పిశాచాన్ని రప్పించిన మాటతోనే వెళ్లగొట్టడం కూడా పాత మాంత్రికార్థంలో ఉండేది. మీ వాక్యాన్ని 'మంత్రం వేసినట్టు అప్పులు మాయం కావు' అని రాయండి. మూలంలోని ఎగతాళి పోదు.