రోసారియో ప్లస్ వాంపైర్: యానిమే చూడొచ్చా, నేరుగా మాంగాకే వెళ్లాలా?

అర్ధరాత్రి_బస్సు:
మా రూమ్‌లో రెండ్రోజులుగా ఇదే గొడవ, మీరైనా తేల్చండి. గోంజో స్టూడియో 2008లో తీసిన యానిమే (జపాన్ కార్టూన్ సిరీస్) ఇది. రెండు సీజన్లు, ఒక్కోదానికి 13 ఎపిసోడ్లు. సుకునే అనే మామూలు కుర్రాడు పొరపాటున రాక్షసుల బడిలో చేరతాడు. రక్తపిశాచి మోకాతో స్నేహం కుదురుతుంది, ఆ తర్వాత ఒక్కో పిల్లా వాడి వెంట పడటం మొదలెడుతుంది. నేను మొదటి సీజన్ సగంలో ఉన్నా, సరదాగానే పోతోంది. మావాడేమో "అది చెత్త, ఇకెడా అకిహిసా గీసిన అసలు బొమ్మల కథ, ఆ మాంగా చదువు చాలు" అంటాడు. నిజంగా అంత తేడా ఉందా? కథ ముందే చెప్పేసినా నాకు పర్లేదు.

మాంగా_మావయ్య:
మీవాడికి నా తరఫున ఓ టీ ఇప్పించు. నువ్వు సగం చూశావంటే మొత్తం చూసినట్టే. ఎవడో రాక్షసుడొస్తాడు, సుకునే ఇరుక్కుంటాడు, మోకా అసలు శక్తిని కట్టిపడేసే మెడలో శిలువ వాడి చేతికి ఊడొస్తుంది. గబ్బిలాలు చుట్టుముడతాయి, జుట్టు వెండిరంగుకొస్తుంది, కళ్లు ఎర్రబడతాయి, "నీ స్థాయి తెలుసుకో" అని ఒక్క తన్ను. అయిపాయె. ఆ రూపం మారే ముక్కని ప్రతిసారీ అదే తిప్పి వేశారు. మధ్యలో ఖాళీ దొరికిన చోటల్లా గాలికి ఎగిరే స్కర్టులు. చివర్లో ఓ గబ్బిలం వచ్చి ఫైటు ఎన్ని సెకన్లలో అయిందో లెక్క చెబుతుంది. తీసినవాళ్లకే తెలుసన్నమాట అక్కడ ఫైటేం లేదని!

రెండోషో:
మావయ్యా, ఆ గబ్బిలం లెక్కే దాని తెలివి. తనని తానే వెక్కిరించుకునే కామెడీలో యుద్ధకాండ వెతికితే ఎలా? పైగా మెత్తగా మాట్లాడే మోకాకీ, శిలువ ఊడాక వచ్చే పొగరుబోతు మోకాకీ గొంతు ఒక్కరిదే, మిజుకి నానాది. కళ్లు మూసుకుని విన్నా ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. మాంగాలో అది ఎక్కడ దొరుకుతుంది? ఓపెనింగ్ పాటలూ ఆవిడవే.

మంచుముక్క:
నాకు ఇద్దరి మాటా సగమే నచ్చింది. మొదటి ఎపిసోడ్ గుర్తుందా? సైకిల్ మీద వచ్చి గుద్దిన మోకా, రక్తం వాసనకి తట్టుకోలేక సుకునే మెడ కొరుకుతుంది. నవ్వొస్తుంది. కాసేపటికే, మనుషుల బడిలో చదివినప్పుడు తనని ఎవరూ కలుపుకోలేదనీ, మనుషులంటే తనకి పడదనీ చెబుతుంది. ఎదురుగా ఉన్నవాడు మనిషే. ఆ బడిలో మనిషి దొరికితే చావే. ఆ నిజాన్ని వాడు ఆమెకి చెప్పేసే చోట నాకు గొంతు పట్టేసింది. ఒక్క కుర్రాడి వెంట అందరమ్మాయిలూ పడే ఇలాంటి హరెమ్ కథల్లో అంత గట్టి మొదలు అరుదు.

ఇంకోటి, ఈ పిల్లలు ఊరికే పడిపోరు. మగాళ్లని మాయచేసే రెక్కల పిల్ల కురుము. ఆమె రెక్కలు పీకేయబోతున్న మోకాకి సుకునే అడ్డం నిలబడ్డాడు, అందుకు కురుముకి ఇష్టం. మంచు పిల్ల మిజోరె అయితే స్కూలు పత్రికలో వాడు రాసినవి చదివి ఇష్టపడింది. రాసింది చదివి ప్రేమించే పిల్ల! (ఫోరంలో ఉన్నవాళ్లం, మనకి అర్థమవుతుంది.) కానీ కారణం చెప్పిన మర్నాటి నుంచి అందరికీ ఒకటే పని, వాణ్ణి చెరోవైపు గుంజడం. పదకొండేళ్ల మంత్రగత్తె పిల్ల యుకారిని కూడా ఆ పోటీలోకి లాగడం మాత్రం నేను ఏ రకంగానూ సమర్థించను. మాంగా అభిమానులు నవ్వక్కర్లేదు, ఆ పాపం అక్కడా ఉంది.

మాంగా_మావయ్య:
యుకారి విషయం ఒప్పుకున్నా, అక్కా. కానీ అసలు దెబ్బ వేరే చోట. ఆ శిలువ సుకునే ఒక్కడే తీయగలడు. మాంగాలో ఆ బంధానికి ఖరీదుంది. చావబోతున్న వాణ్ణి బతికించడానికి మోకా తన రక్తం ఎక్కిస్తుంది. మళ్లీ మళ్లీ ఎక్కించేసరికి మనిషి ఒళ్లు తట్టుకోలేక ఘూల్, అంటే ఒళ్లు తెలియని రాక్షసుడు, అయిపోతాడు. చేతికి గొలుసు తాళం వేస్తే తప్ప మామూలుగా ఉండలేడు. ఆమె కాపాడిన కొద్దీ వాడు మనిషిగా మిగలడు. ఇంతకంటే బాధాకరమైన ప్రేమకథ ఏముంటుంది? యానిమేలో శిలువ లాగితే తన్ను పడుతుంది, అంతే.

రెండోషో:
ఒక్క ఖరీదూ లేదనకు. ఈత క్లబ్బు ఎపిసోడ్ చూడు. నీళ్లు తగిలితే రక్తపిశాచికి ఒళ్లంతా షాక్ కొట్టినట్టుంటుంది, అందుకే మోకా కొలను దగ్గరికే రాదు. ఆ సంగతి తెలియని సుకునే మిగతావాళ్లతో ఈత కొడుతుంటే గట్టు మీద కూర్చుని బాధపడుతుంది. వాణ్ణి మత్స్యకన్యలు పట్టుకోగానే ఆలోచించకుండా దూకేస్తుంది. అక్కడ ఒక్క జోకు లేదు.

మాంగా_మావయ్య:
ఉంది, సరే. మరి వారం తిరిగేసరికి ఆ ఊసేది?

అర్ధరాత్రి_బస్సు:
నిన్న రాత్రి మొదటి సీజన్ పూర్తి చేశా. చివర్లో కుయో అనే నక్క రాక్షసుడు సుకునే మనిషని బయటపెట్టేస్తాడు, అప్పటిదాకా నవ్వించిన బడి ఒక్కసారిగా భయపెట్టింది. మోకా రక్తం ఎక్కించడం ఇక్కడా ఉంది. అబ్బ, ఇప్పుడు కథ మొదలైంది అనుకుని రెండో సీజన్ పెట్టా. కొత్త క్లాసు, మోకా చెల్లెలు కోకోవా, మళ్లీ అదే గుంజులాట. అంత జరిగాక సుకునే ఒంట్లో చిన్న మార్పయినా లేదు. మావాడి దగ్గర మాంగా మొదటి పుస్తకం తీసుకున్నా. 10 పుస్తకాలయ్యాక రెండో భాగం ఇంకో 14 అంట, సెమిస్టర్ ఏమైపోతుందో!

మంచుముక్క:
మొదటి రెండు మూడు పుస్తకాలు నువ్వు చూసిందే అనిపిస్తుంది, బొమ్మలూ అంత గొప్పగా ఉండవు. ఆపకు. ఇకెడా చేయి తిరిగేది ఆ తర్వాతే.

రెండోషో:
పో పో. కానీ కోకోవా ఆ గబ్బిలాన్ని పట్టుకుని గద తిప్పినట్టు తిప్పుతుంది, అదైనా చూసి పో.