రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా దాటని సైనికుడు తన కళాశాలకు అన్ని ఉత్తరాలు ఎందుకు రాసినట్టు?

ప్రశ్న – పాత కాగితం

అందరికీ నమస్కారం. అమెరికాలో ఒక చిన్న కళాశాల గ్రంథాలయంలో పాత దస్తావేజులను సర్ది, వాటికి వివరాల పట్టిక తయారుచేసే పని చేస్తున్నాను. ప్రస్తుతం నా చేతిలో ఉన్న పెట్టెలో 1942 నుండి 1945 వరకు సైన్యంలో ఉన్న విద్యార్థులు కళాశాలకు రాసిన ఉత్తరాలు ఉన్నాయి. యూరప్ నుండి, పసిఫిక్ దీవుల నుండి వచ్చిన ఉత్తరాలు ఎందుకు ముఖ్యమో ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. నన్ను ఆలోచింపజేసినవి మాత్రం మరొక విద్యార్థి ఉత్తరాలు. చదువు మధ్యలో ఆపి సైన్యంలోకి వెళ్ళిన ఇతడు యుద్ధం ముగిసేదాకా దేశం దాటలేదు. మొదట కాలిఫోర్నియాలోని క్యాంప్ రాబర్ట్స్, తరువాత ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్, ఆపైన మిసిసిపీలోని క్యాంప్ షెల్బీ, ఇలా శిబిరం నుండి శిబిరానికి మారుతూ, మారిన ప్రతిసారీ కళాశాలకు ఒక ఉత్తరం రాశాడు.

వాటిలో యుద్ధం గురించి దాదాపు ఏమీ లేదు. ఫలానా స్నేహితుడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు, కళాశాల పత్రిక కొత్త చిరునామాకు వస్తుందా, భౌతికశాస్త్రం మాస్టారు ఇంకా పాఠాలు చెబుతున్నారా అని అడుగుతాడు. రాయడానికి తన దగ్గర పెద్ద విశేషాలేమీ లేవని చెబుతూనే రెండు పేజీలు నింపుతాడు. కవరు మీద స్టాంపు ఉండవలసిన చోట స్టాంపు లేదు, చేతితో రాసిన ‘ఫ్రీ’ అన్న మాట మాత్రం ఉంది. తలచుకుంటే రైలెక్కి ఇంటికి రాగల మనిషికి కళాశాలతో ఇంత ఉత్తరప్రత్యుత్తరం ఎందుకు అవసరమైంది? ఈ ఉత్తరాలను ఏ దృష్టితో చదవాలి? ఇలాంటివి చూసిన వారు, ఆ కాలం గురించి చదివిన వారు చెబితే నా పట్టికలో రాసే నాలుగు వాక్యాలైనా సరిగ్గా రాయగలుగుతాను.

సమాధానం – తపాలా ముద్ర

నమస్కారం. ఉత్తరం సంగతి ఇతరులు చెబుతారు, నేను కవరు సంగతి చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు దాని మీదే ఉంది.

1942 ఏప్రిల్ 1 నుండి అమెరికా సైనికులకు ఉచిత తపాలా సౌకర్యం వచ్చింది. స్టాంపు అంటించే చోట సైనికుడు స్వయంగా ‘ఫ్రీ’ అని రాసి, ఎడమవైపు పైన తన పేరు, హోదా, దళం, శిబిరం రాస్తే మామూలు ఉత్తరం ఉచితంగా చేరేది. విదేశాలలో ఉన్నవారికే కాక స్వదేశపు శిబిరాలలో ఉన్నవారికి కూడా ఇది వర్తించింది. అయితే ఈ సౌకర్యం ఒకవైపుదే. సైనికుడికి ఇతరులు రాసే ఉత్తరానికి మామూలుగా 3 సెంట్ల స్టాంపు అంటించవలసిందే. కాబట్టి మీ కళాశాల అతడికి పంపిన ప్రతి జవాబుకూ ఎవరో ఒకరు డబ్బు పెట్టుకున్నారు. పెట్టెలో ఖర్చుల చీటీలు ఏవైనా కనిపిస్తే దయచేసి పారవేయకండి.

సెన్సారు విషయంలో కూడా ఇతడి ఉత్తరాలు విదేశాల నుండి వచ్చినవాటికి భిన్నంగా ఉంటాయి. విదేశాలలో ఉన్న సైనికుల ఉత్తరాలను వారి దళంలోని అధికారే చదివి, ఊరి పేర్లు, కదలికలు కత్తిరించి పంపేవాడు. 1942 జూన్‌లో మొదలైన వి-మెయిల్ పద్ధతిలోనైతే ఉత్తరాన్ని సూక్ష్మఫిల్ముగా తీసి సముద్రం దాటించి, అక్కడ చిన్న కాగితం మీద ముద్రించి ఇచ్చేవారు. స్వదేశంలో ఉన్నవాడికి ఆ ఇరుకు కాగితం అవసరం లేదు, సాధారణంగా అతడి ఉత్తరాన్ని తెరిచి చదివేవారూ ఉండరు. కనుక శిబిరం పేరు, ఊరు, వాతావరణం, భోజనం, అధికారి మీద విసుగు, అన్నీ ధారాళంగా రాయగలిగాడు. ఆనాటి సైనిక శిక్షణ రోజువారీగా ఎలా సాగిందో తెలుసుకోవాలంటే యుద్ధరంగం నుండి వచ్చిన కత్తిరింపు ఉత్తరాల కంటే ఇవే ఎక్కువ ఉపయోగపడతాయని నా అభిప్రాయం.

ఉత్తరం మీద సైనికుడి సంఖ్య ఉంటే దానిని కూడా చూడండి. 1తో మొదలైతే స్వచ్ఛందంగా చేరినవాడు, 2 అయితే నేషనల్ గార్డ్ అనే రాష్ట్రాల రిజర్వు సైన్యం నుండి వచ్చినవాడు, 3 అయితే నిర్బంధ సైనిక సేవ చట్టం కింద పిలుపు అందుకున్నవాడు. రెండవ అంకె అతడిని ఏ ప్రాంతంలో చేర్చుకున్నారో చెబుతుంది. 32తో మొదలైతే న్యూయార్క్, న్యూజెర్సీ వైపు, 39తో మొదలైతే పసిఫిక్ తీరం వైపు అని అర్థం. ఇక శిబిరాలలో సైనికుల బాగోగులు చూసే వై.ఎం.సి.ఏ., యు.ఎస్.ఓ. వంటి స్వచ్ఛంద సంస్థలు సైనికులకు రాత కాగితం ఉచితంగా ఇచ్చేవి. కాగితం పైభాగాన ఆ సంస్థ ముద్ర ఉంటే, సాయంత్రం తీరిక వేళ అక్కడి బల్ల దగ్గర కూర్చుని రాశాడని ఊహించవచ్చు.

సమాధానం – చరిత్ర పాఠకురాలు

పాత కాగితం గారూ, మీ పెట్టె ఒంటరిది కాదు. శాన్ డియేగో స్టేట్ కళాశాలలో భూగోళశాస్త్రం బోధించిన లారెన్ పోస్ట్ అనే ఆచార్యుడు 1942 నుండి 1946 వరకు ‘అజ్టెక్ న్యూస్ లెటర్’ పేరుతో నెలనెలా ఒక సమాచార పత్రిక నడిపారు. సైన్యంలో ఉన్న విద్యార్థులు ఆయనకు ఉత్తరాలు రాసేవారు. ఆయన వాటిలోని విశేషాలను ఏరి పత్రికలో వేసి మళ్ళీ వారందరికీ పంపేవారు. న్యూజెర్సీలోని నెవార్క్ స్టేట్ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో, అంటే నేటి కీన్ విశ్వవిద్యాలయంలో, ఇటువంటి పనినే నాన్సీ థాంప్సన్ అనే గ్రంథాలయాధికారిణి చేశారు. అక్కడి గ్రంథాలయానికి తరువాత ఆమె పేరే పెట్టారు. ఈ ఇద్దరికీ వచ్చిన ఉత్తరాలు ఆ విశ్వవిద్యాలయాలలో భద్రంగా ఉన్నాయి.

ఈ ఉత్తరప్రత్యుత్తరం ఎలా నడిచిందో గమనిస్తే మీ సైనికుడు ప్రతి బదిలీకీ ఎందుకు రాశాడో తేలిపోతుంది. 1942లో ఒకే తరగతిలో కూర్చున్న ముప్పై మంది 1943 నాటికి ముప్పై చోట్ల ఉన్నారు. అక్కడ కూడా ఎవరూ స్థిరంగా లేరు. చేర్పు కేంద్రంలో కొద్ది రోజులు, ప్రాథమిక శిక్షణలో కొన్ని నెలలు, ఆపైన ఏదో ఒక ప్రత్యేక శిక్షణ పాఠశాల, చివరకు ఒక దళం. స్నేహితుడికి రాసిన ఉత్తరం చేరేసరికి ఆ స్నేహితుడు మరో రాష్ట్రంలో ఉండేవాడు. అందరూ కదులుతున్న ఆ కాలంలో కదలనిది కళాశాల చిరునామా ఒక్కటే. తన కొత్త చిరునామా అక్కడ నమోదు చేయిస్తే మిగిలినవారికి తాను దొరుకుతాడు, పత్రిక అందితే మిగిలినవారు తనకు దొరుకుతారు. ఫలానావాడు ఎక్కడ ఉన్నాడు అని అతడు అడిగిన ప్రశ్న ఊసుపోక అడిగింది కాదు, ఆ ఏర్పాటు అంతా ఆ ప్రశ్న మీదే నడిచింది.

ఇందులో స్వదేశంలో ఉన్నవారి పాత్ర చాలా పెద్దది. వారి ఉత్తరం రోజుల్లో చేరుతుంది, సెలవు దొరికితే వారే స్వయంగా కళాశాలకు వచ్చి వెళతారు, శిబిరంలో తారసపడిన తోటి విద్యార్థుల కబుర్లు మోసుకొస్తారు. ఈ పత్రికలు ఉత్తరాల మీదే బతికాయి కనుక, వేళకు అందే ఈ ఉత్తరాలు లేకపోతే చాలా సంచికలు పలచగా వచ్చేవని నేను అనుకుంటున్నాను.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. అదే యుద్ధంలో మన వైపు కథ తిరగబడింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయమే వాల్తేరు వదిలి గుంటూరుకు తరలింది.

సమాధానం – రిజిస్ట్రార్ కార్యాలయం

పై సమాధానాలతో నాకు పేచీ లేదు. కానీ ఆప్యాయతతో పాటు చదువు లెక్క కూడా ఈ ఉత్తరాలలో ఉందని మరచిపోకూడదు. డిగ్రీ పూర్తికాకుండా వెళ్ళినవాడికి కళాశాలతో తెగని సంబంధం ఒకటి ఉంటుంది. సైన్యంలో నేర్చుకున్న రేడియో, వాతావరణశాస్త్రం, గణితం వంటివాటికి క్రెడిట్లు ఇస్తారా, మిగిలిన కోర్సులు ఉత్తరాల ద్వారా పూర్తి చేయవచ్చా అన్నవి నిజమైన ప్రశ్నలు. 1942 ఏప్రిల్‌లో విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో సైనికుల కోసమే ఒక దూరవిద్యా సంస్థ మొదలైంది, మరుసటి సంవత్సరం దానికి యునైటెడ్ స్టేట్స్ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు మార్చారు. బ్యారక్‌లో మంచం మీద కూర్చుని పాఠాలు రాసి పంపినవారు దానిలో ఎందరో ఉన్నారు.

1942 డిసెంబరులో సైన్యం ప్రకటించిన ప్రత్యేక శిక్షణ కార్యక్రమం మరొక మలుపు. సైన్యం పెట్టే వర్గీకరణ పరీక్షలో 115 లేదా అంతకు మించి మార్కులు వచ్చినవారిని యూనిఫాంలోనే కళాశాలలకు పంపి ఇంజనీరింగ్, వైద్యం, భాషలు చదివించారు. విచిత్రం ఏమిటంటే, సైనికుడిని అతడి సొంత కళాశాలకే పంపాలన్న నియమం లేదు. చదువుతున్నది ఒక కళాశాలలో, మనసు మరొక కళాశాలలో. 1944 ఫిబ్రవరిలో సైన్యానికి మనుషులు చాలక ఆ కార్యక్రమాన్ని బాగా కుదించి, లక్షకు పైగా విద్యార్థులను పుస్తకాలు మూయించి దళాలకు పంపేశారు, ముఖ్యంగా పదాతిదళానికి. మీ పెట్టెలో ఆ వసంతకాలపు ఉత్తరాలు ఉంటే వాటి ధోరణి మారిందేమో ప్రత్యేకంగా చూడండి.

1944 జూన్ 22న, యుద్ధంలో పనిచేసిన సైనికుల చదువుకు సహాయం చేసే జి.ఐ. బిల్లు అనే చట్టం మీద అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేశాక ఉత్తరాలలో కొత్త విషయం ప్రవేశించి ఉండాలి. అప్పట్లో ఆ చట్టం కింద చదువుకు సంవత్సరానికి 500 డాలర్ల వరకు ఫీజు, పుస్తకాలు ప్రభుత్వమే భరించేది, ఒంటరివాడికి జీవనభృతిగా మొదట్లో నెలకు 50 డాలర్లు ఇచ్చేది. అంతవరకు తిరిగి చదవగలనా అని సందేహించినవాడు ఎప్పుడు చేరాలి అని అడగడం మొదలుపెడతాడు. 1946 నాటి ప్రవేశాల రిజిస్టరులో ఇతడి పేరు వెతకండి. ఆ పేరు దొరికితే ఉత్తరాల కథకు తరువాతి భాగం దొరికినట్టే.

సమాధానం – ఒహాయో నివాసి

ఒక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. రాయడానికి పెద్ద విశేషాలేమీ లేవని అతడు అన్నాడని మీరు రాశారు. ఆ వాక్యం వెనుక సిగ్గు ఉండవచ్చు. తోటివారు విదేశాలకు వెళ్ళిపోతుంటే తాను గుమాస్తాగానో, మెకానిక్‌గానో, కొత్తవారికి శిక్షణ ఇచ్చేవాడిగానో దేశంలోనే మిగిలిపోయానన్న బాధను కొందరు ఉత్తరాలలో క్షమాపణలాగా రాసుకున్నారు. నిజానికి వారు అల్పసంఖ్యాకులేమీ కారు. ఆ యుద్ధంలో పనిచేసిన 1.6 కోట్ల మంది అమెరికన్లలో నాలుగవ వంతుకు పైగా విదేశాలకు వెళ్ళనే లేదు. వెళ్ళినవారు కూడా ఎక్కువ కాలం స్వదేశంలోనే గడిపి వెళ్ళారు. సగటు సేవాకాలం 33 నెలలైతే విదేశాలలో గడిపిన సగటు కాలం 16 నెలలు.

స్వదేశంలో ఉండడం అంటే సురక్షితంగా ఉండడమని కూడా అనుకోవద్దు. అమెరికా గడ్డ మీద విమాన శిక్షణ ప్రమాదాలలోనే సైనిక వైమానిక దళం దాదాపు 15,000 మందిని కోల్పోయింది. శత్రువును చూడకుండా టెక్సాస్‌లోనో ఫ్లోరిడాలోనో చనిపోయిన ఆ పిల్లల పేర్లు కూడా కళాశాలల మృతుల జాబితాలలో ఉన్నాయి. మీ పట్టికలో యుద్ధరంగం, స్వదేశం అని రెండు అరలు చేసి రెండవదాన్ని తక్కువ చేయకండి, ఇది నా మనవి.

తపాలా ముద్ర గారి మాటకు చిన్న చేర్పు. హవాయి విశ్వవిద్యాలయంలో చదువుతూ సైనిక శిక్షణ పొందుతున్న జపాన్ సంతతి విద్యార్థులను 1942 జనవరిలో వారి వంశం కారణంగా ప్రాదేశిక రక్షక దళం నుండి తీసివేశారు. వారిలో పలువురు కూలి పనులకు సైతం సిద్ధపడి, మరుసటి నెలలో ‘వర్సిటీ విక్టరీ వాలంటీర్స్’ పేరుతో 169 మందితో ఒక శ్రామిక దళంగా ఏర్పడ్డారు. 1943లో చాలామంది జపాన్ సంతతి సైనికులతో ఏర్పడిన 442వ రెజిమెంటులో చేరి, మీ సైనికుడు ఉన్న క్యాంప్ షెల్బీలోనే శిక్షణ పొందారు. వారు కూడా అప్పటికి అమెరికా లోపలే ఉన్నారు, కానీ హవాయి, ప్రధాన భూభాగాల మధ్య తపాలాకు సెన్సారు ఉండేది. ఒకే శిబిరంలో పక్కపక్కన కూర్చుని తమ కళాశాలలకు రాసుకున్న ఇద్దరికి ఒకే స్వేచ్ఛ లేదు.

పాత కాగితం

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. కవరు మీద సంఖ్య చూశాను, 39తోనే మొదలైంది. కళాశాల పంపిన సమాచార పత్రిక సంచికలు పక్క గదిలో వేరే పెట్టెలో దొరికాయి. అతడు ఉత్తరంలో అడిగిన ఒక స్నేహితుడి చిరునామా రెండు నెలల తరువాతి సంచికలో ఉంది. ఇప్పుడు నాకున్న సందేహం ఒక్కటే. ఉత్తరాలను రాసినవారి పేర్ల ప్రకారం విడదీసి సర్దాలా, లేక ఉన్న వరుసలోనే ఉంచాలా?

చరిత్ర పాఠకురాలు

ఉన్న వరుసలోనే ఉంచండి. ఆనాడు వాటిని అందుకున్నవారు వచ్చిన తేదీ ప్రకారం పెట్టి ఉంటే, ఏ నెలలో ఎవరెవరి కబురు వచ్చింది, ఏ కబురు ఏ సంచికలోకి వెళ్ళింది అన్నది ఆ వరుసే చెబుతుంది. పేర్ల ప్రకారం విడదీస్తే అది మళ్ళీ దొరకదు. పేర్ల సూచిక విడిగా తయారుచేయండి, కవర్లను ఉత్తరాల నుండి వేరు చేయకండి, పత్రిక సంచికలు మరో పెట్టెలో ఉన్నాయన్న సంగతి పట్టిక మొదటి పేజీలోనే రాయండి.