పీస్ రేటు వాళ్లకు పీఎఫ్, ఈఎస్ఐ ఏ లెక్కన కట్టాలి? నెలనెలా కూలి మారిపోతోంది

ఆటోనగర్ లెడ్జర్:

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో ఈ మధ్యే అకౌంట్స్‌లో చేరాను. మొత్తం 26 మంది, అందులో నలుగురికే నెల జీతం, మిగతావాళ్లదంతా పీస్ రేటు, అంటే చేసిన పనికింత అని కూలి. శనివారం శనివారం ఖర్చులకని రెండువేలో మూడువేలో అడ్వాన్స్ పట్టుకెళ్తారు, బండి డెలివరీ అయ్యాక మేస్త్రి, ఓనరుగారు కూర్చుని లెక్క తేలుస్తారు. దాంతో ఒకే వెల్డర్‌కి ఒక నెల 9,200 వస్తే ఇంకో నెల 24,000 పడుతుంది. ఆషాఢంలో కొత్త బళ్లు దిగవు కాబట్టి కొందరికి ఆ నెల అసలేమీ ఉండదు.

నాకంటే ముందు చేసినాయన అందరికీ 10,000, 26 రోజులు అని ఒకే మూసలో వేసి చలానా కట్టేసేవారట. ఓనరుగారు కూడా "అదే వేసెయ్యమ్మా, నీకూ గొడవుండదు, నాకూ గొడవుండదు" అంటున్నారు. పైగా ఆగస్టులో వెల్డర్‌కి 24,000 పడింది కదా, "21,000 దాటాడు, ఈఎస్ఐలోంచి తీసెయ్" అంటున్నారు. వాళ్లావిడకి ఏడో నెల, గుణదల ఈఎస్ఐ ఆస్పత్రిలో చూపించుకుంటోంది. నిజంగా తీసెయ్యాలా? అడ్వాన్స్ ఇచ్చిన నెలకి కట్టాలా, లెక్క తేలిన నెలకా? పని లేని నెలకి ఏం వెయ్యాలి? 15వ తేదీ దగ్గరకొచ్చేస్తోంది, టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

చలానా బాబాయ్:

ముందు ఆ వెల్డర్ సంగతి చూద్దాం, అది అర్జెంటు. తీసెయ్యకమ్మా. ఈఎస్ఐలో ఏడాదికి రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్‌లు, అంటే డబ్బు కట్టే ఆర్నెల్ల విడతలు, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకోటి. పీరియడ్ మొదట్లో 21,000 లోపున్న మనిషి మధ్యలో ఎంత దాటినా ఆ పీరియడ్ అయ్యేదాకా ఈఎస్ఐలోనే ఉంటాడు, దాటిన నెలలో మొత్తం కూలి మీదా కట్టాలి. అంటే ఆగస్టుకి 24,000 మీద ఆయన వాటా 0.75 శాతం 180 రూపాయలు, మీ షెడ్డు వాటా 3.25 శాతం 780. పోర్టల్‌లో 'అవుట్ ఆఫ్ కవరేజ్' అనే కారణం కూడా ఏప్రిల్, అక్టోబరు నెలల్లోనే తీసుకుంటుంది, ఓనరుగారికి ఆ స్క్రీనే చూపించు, వాదన అవసరం ఉండదు. ఒకవేళ అక్టోబరు కూలి 21,000 దాటి బయటికెళ్లినా, ఏప్రిల్–సెప్టెంబరులో కట్టినదానికి వచ్చే జనవరి నుంచి జూన్ దాకా బెనిఫిట్ పీరియడ్, అంటే వైద్యం, సాయం అందే కాలం, ఉంటుంది. ఇప్పటి డిసెంబరు దాకా నడుస్తున్నది అంతకుముందు మార్చి దాకా కట్టినదాని తాలూకుది. కాబట్టి ఆవిడ కాన్పుకి భయపడక్కర్లేదు.

ఇక అందరికీ పదివేలు అనే లెక్క. ఇది నాకు అస్సలు నచ్చదు, మన ఆటోనగర్‌లో సగం షెడ్లలో ఇదే నడుస్తోందని తెలిసే చెప్తున్నా. పీస్ రేటు డబ్బు బోనసూ కాదు, అలవెన్సూ కాదు, అదే అసలు వేతనం. ఆ నెల ఎంత సంపాదిస్తే అంత మీద పీఎఫ్. 9,200 వస్తే ఆయన వాటా 1,104, మీ వాటా 1,104, మీ వాటాలో 766 పెన్షన్ ఖాతాకి, మిగతా 338 పీఎఫ్‌కి పోతుంది. 24,000 వచ్చిన నెల కావాలంటే 15,000 దగ్గర ఆపి 1,800 చొప్పున కట్టొచ్చు, ఆ సీలింగ్ 2014 సెప్టెంబరు నుంచి ఉన్నదే. కానీ 15,000 దాటాడని సభ్యత్వం తీసెయ్యడానికి లేదు, ఒకసారి సభ్యుడైతే సభ్యుడే.

పని లేని నెలకి సున్నా వెయ్యి, ఏమీ తప్పు కాదు. పీఎఫ్ ఈసీఆర్‌లో, అంటే నెలనెలా ఆన్‌లైన్‌లో వేసే లెక్కల పట్టీలో, ఎన్‌సీపీ రోజులని ఒక గడి ఉంటుంది, కాంట్రిబ్యూషన్ లేని రోజులన్నమాట, ఆషాఢం ఖాళీ రోజులు అందులో పడతాయి. ఈఎస్ఐలో సున్నా రోజులు వేసి కారణంగా 'నో వర్క్' ఎంచుకో. పని లేని నెలలో కూడా పదివేలు చూపించి, ఆ 1,200 అడ్వాన్స్‌లోంచి పట్టుకుంటున్నారేమో ఒకసారి పాత రిజిస్టర్ తిరగెయ్యి. నాకు అనుమానంగా ఉంది.

అడ్వాన్స్ మీద ఏదీ కట్టక్కర్లేదు, అడ్వాన్స్ అంటే అప్పే. కానీ "డెలివరీ అయ్యాకే కూలి పుడుతుంది" అని కూర్చుంటే ఆగస్టులో చేసిన పనంతా సెప్టెంబరులో పడి, ఆగస్టు సున్నా, సెప్టెంబరు 24,000 అవుతుంది. నీ కష్టంలో సగం అక్కడే ఉంది. దశలవారీ రేటు పెట్టించు. ఫ్లోరింగ్‌కింత, సైడు పలకలకింత, వెనక డోరుకింత, క్యాబిన్‌కింత అని స్లిప్ పుస్తకంలో రాసి, 30వ తేదీన మేస్త్రిని వెంటబెట్టుకుని ప్రతి బండి దగ్గరా ఎంతవరకు అయిందో చూసి సంతకం పెట్టించు. అడ్వాన్స్ అందులోంచి తీసేస్తే మిగిలింది బాకీ. ఓనరు ఆ బాకీ చేతికి ఇచ్చినా ఇవ్వకపోయినా, ఆ నెల చేసిన పనికి పీఎఫ్ మాత్రం వచ్చే నెల 15 లోపు కట్టాల్సిందే, "ఇంకా జీతం ఇవ్వలేదు" అన్నది సాకుగా పనికిరాదు.

మిర్చి గోడౌన్:

గుంటూరు దగ్గర కోల్డ్ స్టోరేజీలో చేస్తాను, మాది ఇంకో రకం తిప్పలు. యార్డుకి సరుకు వచ్చే నాలుగైదు నెలలు టిక్కీకి (మిర్చి బస్తాకి) ఇంత అని హమాలీ ముఠావాళ్లు రాత్రీపగలూ మోస్తారు, ఆ తర్వాత పది మంది కూడా ఉండరు. మావాళ్లు కాంట్రాక్టర్ మనుషులు కదా అని మా మేనేజరు చాన్నాళ్లు పట్టించుకోలేదు, కానీ కాంట్రాక్టర్ కట్టకపోతే బాధ్యత చివరికి పని చేయించుకున్న సంస్థ మెడకే చుట్టుకుంటుంది.

మా అనుభవంతో చెప్పేది ఒక్కటే అండి, సీజన్ అయిపోగానే మనుషుల్ని తీసేసి మళ్లీ జనవరిలో కొత్త యూఏఎన్ (మనిషికి ఒక్కటే ఉండాల్సిన పీఎఫ్ నంబరు) పుట్టించకండి. కాంట్రాక్టర్లకి ఇదో జబ్బు. ఒక్కొక్కరికి మూడేసి నంబర్లు, ఆధార్‌లో ఒక పేరు, పీఎఫ్‌లో ఇంకో పేరు, పెన్షన్‌కి కావాల్సిన పదేళ్ల సర్వీసు మూడు ముక్కలైపోతుంది. పాత నంబరే కొనసాగించాలి.

రివిట్టు:

అకౌంట్స్ వాళ్లందరూ ఒక వైపు నుంచే మాట్లాడుతున్నారు. నేను పదిహేనేళ్లుగా ఇదే పనిలో ఉన్నా. మా షెడ్డులో మేమే అడిగి పదివేలు వేయించుకున్నాం. ఎక్కువ కూలి వచ్చిన నెలలోనే కదా అప్పులు తీర్చేది, అప్పుడు 1,800 కోస్తే ఇంట్లో ఏం చెప్పాలి? పైగా నెలనెలా 26 రోజులు పడితే ఈఎస్ఐలో రోజులు తగ్గవు. సిక్‌లీవు డబ్బులకి పీరియడ్‌లో 78 రోజులు ఉండాలంటారు, నిజం రోజులు వేస్తే మాలో కొందరికి అవి కూడా రావు.

ఇంకో మాట, పీఎఫ్‌లో మా ఓనరు వాటా 12 శాతం, మా వాటా 12 శాతం, రెండూ మా పీస్ రేటులోంచే పోతున్నాయి. దాని గురించి ఎవరూ రాయరేం?

చలానా బాబాయ్:

రివిట్టు తమ్ముడూ, నీ రెండో మాట ముందు. ఓనరు వాటా కార్మికుడి కూలిలోంచి కొయ్యడం చట్టప్రకారం కుదరదు, రేటు మాట్లాడేటప్పుడే "అన్నీ కలిపి" అని చెప్పి ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారు, నిజమే. స్లిప్పులు దగ్గర పెట్టుకుని పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఆన్‌లైన్‌లో కూడా తీసుకుంటారు.

78 రోజుల మాట సరైనదే. కానీ ఆర్నెల్లలో 78 రోజులంటే నెలకి సగటున 13 రోజులు. ఆషాఢం పోయినా బాడీ షెడ్డులో అన్ని రోజులు పడతాయి, మేస్త్రి హాజరు పట్టీ సరిగ్గా రాస్తే చాలు. పనిలో దెబ్బ తగిలితే అసలు ఈ రోజుల లెక్కే లేదు, చేరిన మొదటి రోజు నుంచీ వర్తిస్తుంది, సగటు కూలిలో 90 శాతం ఇస్తారు. ఆ సగటు దేనిమీద? మీరు వేయించుకున్న పదివేల మీద. అదీ సంగతి.

పీఎఫ్‌తోపాటు ఈడీఎల్ఐ అని ఒక బీమా ఉంది, దాని డబ్బు ఓనరే కడతాడు, కోత ఏమీ ఉండదు. సర్వీసులో ఉండగా మనిషి పోతే చివరి 12 నెలల సగటు వేతనానికి 35 రెట్లు, దానిమీద ఖాతా నిల్వని బట్టి ఇంకొంత, మొత్తం 7 లక్షల వరకు కుటుంబానికి వస్తుంది. పదివేలు చూపిస్తే ఆ 35 రెట్లు 3.5 లక్షలు, నిజం సగటు 14,000 అయితే 4.9 లక్షలు. గ్యాస్ కటింగ్ దగ్గర నిలబడే మనిషికి ఇది ఉత్త కాగితం లెక్క కాదు. 1,200 బదులు 1,800 కోస్తే ఎక్కువ పోయే ఆ ఆరు వందలకి ఓనరు ఇంకో ఆరు వందలు వేస్తాడు, దాన్ని వదులుకుంటున్నది కూడా నువ్వే.

ఆటోనగర్ లెడ్జర్:

చాలా థాంక్స్ అండి. రిజిస్టర్ చూశాను, మీరన్నట్టే ఆషాఢంలో ముగ్గురికి అడ్వాన్స్‌లోంచి 1,200 చొప్పున పట్టారు. దశలవారీ రేటుకి మేస్త్రి ఒప్పుకున్నాడు, ఓనరుగారు "చూద్దాం" అన్నారు, అంటే ఏమిటో మీకు తెలుసు. నెల జీతం నలుగురికీ 18,000లో బేసిక్ 6,000 మాత్రమే వేశారు, అది సరేనా? పాత నెలలకి తక్కువ కట్టింది ఇప్పుడు వాళ్ల కూలిలోంచి పట్టుకోవచ్చా?

చలానా బాబాయ్:

నలుగురి సంగతి, సరికాదు. అందరికీ ఒకేలా ఇచ్చే అలవెన్సులు పీఎఫ్ వేతనంలోకే వస్తాయని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు వచ్చాక ఇంకా స్పష్టం, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె అలవెన్స్) లాంటి మినహాయింపులు మొత్తం జీతంలో సగానికి మించకూడదు, మించినది వేతనంలో కలుస్తుంది. ఆ 12,000 మొత్తం మినహాయింపు కిందే వచ్చేదని అనుకున్నా సరే, సగం 9,000 కాబట్టి మిగతా 3,000 బేసిక్‌కి కలిపి కనీసం 9,000 మీద కట్టాలి.

పాత నెలల కార్మికుడి వాటా ఇప్పటి కూలిలోంచి మీ అంతట మీరు పట్టుకోవడానికి వీల్లేదు. ఆ నెలలో కొయ్యకపోతే అది ఓనరు భారమే. తేడా బకాయి కింద ఈసీఆర్‌లో వెయ్యాలి, ఏడాదికి 12 శాతం వడ్డీ, పైన నెలకి 1 శాతం డ్యామేజెస్ (ఆలస్యానికి జరిమానా) పడతాయి, ఎన్ని నెలలు ఆపితే అంత. ఆషాఢంలో పట్టిన 1,200 మాత్రం ఈ శనివారమే వాళ్లకి తిరిగి ఇప్పించి సంతకం తీసుకో, వోచర్ మీద దేనికని రాయడం మర్చిపోవద్దు.