జమీందారు డబ్బుతో ‘రైతుబిడ్డ’: సారథి ఫిలిమ్స్‌ని స్వతంత్ర సంస్థ అనొచ్చా?

వేగావతి ఒడ్డు (బొబ్బిలి)

నిన్న సాయంత్రం మా వీధి రీడింగ్ రూములో ఒక మాట మీద పెద్ద గొడవైంది. తెలుగులో ఎవరికీ తలవంచకుండా సినిమాలు తీసిన తొలి సంస్థల్లో సారథి ఫిలిమ్స్ ఒకటని నేనన్నాను. ఒక పెద్దాయన వెంటనే లేచి, “చల్లపల్లి రాజా డబ్బుతో నడిచిన కంపెనీకి స్వతంత్రం ఎక్కడిది బాబూ?” అన్నారు. ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సారథి ఫిలిమ్స్ వెనక ఉన్నది చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్. సినిమాలు తీసింది గూడవల్లి రామబ్రహ్మం. ఆయన అంతకుముందు ‘ప్రజామిత్ర’ పత్రిక నడిపిన మనిషి. అప్పట్లో టాకీ అంటే చాలావరకు పురాణమే. అలాంటి రోజుల్లో వీళ్లు 1938లో ‘మాలపిల్ల’ తీశారు, 1939లో ‘రైతుబిడ్డ’ తీశారు. ఒకటి అంటరానితనం మీద, రెండోది జమీందారీ మీద.

మా ఊరికి ఈ రెండోదానితో పేచీ ఉంది. మా బొబ్బిలి రాజావారు 1932 నుంచి 1937 దాకా, మధ్యలో కొన్ని నెలలు తప్ప, మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి). 1937 ఎన్నికల్లో సొంత బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఆ తర్వాత రెండేళ్లకే ‘రైతుబిడ్డ’ వచ్చింది. జమీందార్ల ఒత్తిడితో కొన్నిచోట్ల బొమ్మ ఆడకుండా ఆపించారు. అడ్డుపడ్డవాళ్లలో వెంకటగిరితో పాటు బొబ్బిలి పేరు కూడా సినిమా చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

మా తాతగారి ట్రంకుపెట్టెలో ఎస్టేటు శిస్తు రశీదులు ఇప్పటికీ ఉన్నాయి. గోధుమరంగు కాగితం, మడత దగ్గర చిరిగింది. ఫసలీ (శిస్తు లెక్కల) సంవత్సరం, భూమి విస్తీర్ణం, కట్టిన రూపాయలు, అణాలు, కింద గుమస్తా సంతకం. ఒక రశీదు వెనక మా తాత పెన్సిలుతో “ఇంకా బాకీ” అని రాసుకున్నారు, ఎంతో రాయలేదు. ఆ కాగితం చేతిలో పట్టుకున్నప్పుడల్లా, ఈ బాధను తెరమీదికి తెచ్చిన కంపెనీని తక్కువ చేసి మాట్లాడటానికి నాకు నోరు రాదు.

కోట జంక్షన్ (విజయనగరం)

మాస్టారూ, మీ తాతగారి రశీదుల మీద నాకు గౌరవమే. కానీ మీరు మనసుతో మాట్లాడుతున్నారు. కాస్త లెక్కతో చూద్దాం.

1937లో మద్రాసులో కాంగ్రెసు ప్రభుత్వం వచ్చింది. టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రి. జమీందారీల మీద ఆయన ఆధ్వర్యంలో విచారణ కమిటీ వేశారు, 1938లో నివేదిక వచ్చింది. ఆ మరుసటి ఏడాదే ‘రైతుబిడ్డ’. అందులో రైతుకే ఓటు వేయమని ఒక పాట ఉంది. నటించినవాళ్లలో టంగుటూరి సూర్యకుమారి స్వయానా ప్రకాశంగారి తమ్ముడి కూతురు. గాలి ఎటు వీస్తోందో చూసి తీసిన సినిమా ఇది. దాన్ని తప్పనను, స్వతంత్రం అని మాత్రం అనలేను.

ఇంకో సంగతి. 1940ల్లో చల్లపల్లి ఎస్టేటు రైతులే కమ్యూనిస్టుల వెనక నిలబడి భూముల కోసం పోరాడారు. రైతు కష్టం మీద సినిమాకి డబ్బు పెట్టిన రాజా, సొంత ఎస్టేటులో రైతు కష్టం తీర్చి ఉంటే ఆ పోరాటం ఎందుకొచ్చేది? పక్కవాడి కోట మీద రాయి వేయడం తేలిక. తన కోట మీద వేయించుకుంటే అప్పుడు ఒప్పుకుంటాను.

ఉద్దానం జీడి (పలాస)

ఇద్దరూ రాజాల గురించే మాట్లాడుతున్నారు. రైతులు ఏమయ్యారు?

1937-38లో రైతు రక్షణ యాత్ర మా ఇచ్ఛాపురంలోనే మొదలై మద్రాసు దాకా నడిచింది. జమీందారీలు రద్దు చేయాలని ఊరూరా చెప్పుకుంటూ వెళ్లారు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ మహాసభ పలాసలో జరిగింది, దానికి రాహుల్ సాంకృత్యాయన్‌ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఆ సభ అయిన నాలుగైదు రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలో గుడారి రాజమణిపురం దగ్గర పోలీసు కాల్పుల్లో వీర గున్నమ్మ చనిపోయింది. అడవిలో కట్టె తెచ్చుకునే హక్కు కోసం మొదలైన గొడవ అది. ‘రైతుబిడ్డ’ ఆ యాత్రకీ ఈ కాల్పులకీ మధ్య వచ్చిన సినిమా. ఆ కథ చల్లపల్లి దివాణంలో పుట్టలేదు, రోడ్డు మీద నడిచినవాళ్ల కాళ్ల దగ్గర పుట్టింది. డబ్బు ఎవరిదైనా సరుకు మనది.

మనవాళ్లు అందులో పనిచేశారు కూడా. బళ్లారి రాఘవతో పాటు నటించిన గిడుగు సీతాపతి, మన గిడుగు రామమూర్తి పంతులుగారి కొడుకే. ‘మాలపిల్ల’కి మాటలు రాసిన తాపీ ధర్మారావు పర్లాకిమిడిలో పంతులుగారి శిష్యుడు. వంశధార పక్కన పర్వతాలపేటలో పుట్టిన మనిషి వాడుక భాష కోసం జీవితమంతా కొట్లాడితే, ఆ భాష ఆయన శిష్యుడి చేతి మీదుగా తెరకెక్కింది. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

రాజాం బస్టాండు

స్వతంత్రం అంటే ముందు అర్థం తేల్చుకోండి. ఉషాకిరణ్ మూవీస్ 1983లో మొదలైంది, 1985లోనే ‘మయూరి’, ‘ప్రతిఘటన’ తీసింది. ఒక పత్రిక యజమాని సంస్థ అది. 1995లో ఈటీవీ వచ్చాక తీసేవాళ్లు, చూపించేవాళ్లు ఒకే ఇంటివాళ్లయ్యారు. దాన్ని స్వతంత్రం అంటారా, అనరా? నా దృష్టిలో బయటి ఫైనాన్షియర్ దగ్గర చేయి చాపనక్కర లేనిదే స్వతంత్ర సంస్థ. ఆ లెక్కన సారథి కూడా అంతే.

నాగావళి కెమెరా (శ్రీకాకుళం)

రాజాం వారూ, మీ మాటతో నాకు కుదరదు. ఎందుకో నా అనుభవం చెబుతాను.

మేం నలుగురం కలిసి ఇక్కడ చిన్న కంపెనీ పెట్టుకున్నాం. పెళ్లి వీడియోలు తీస్తాం, లోకల్ ఛానెల్‌కి కార్యక్రమాలు చేస్తాం, మిగిలిన డబ్బుతో మా సొంత సినిమాలు. పోయినేడాది నాగావళి మీద నలభై నిమిషాల సినిమా మొదలుపెట్టాం. సగంలో డబ్బు అయిపోయింది. ఊళ్లో ఒకాయన ముందుకొచ్చారు. మంచి మనిషి, షూటింగుకి సొంత కారు కూడా ఇచ్చారు. ఎడిటింగ్ చూడటానికి వచ్చి నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రాత్రిపూట ఏట్లో ఇసుక లారీలు వరసగా నిలబడి ఉన్న సీను వచ్చింది. రెండు నిమిషాల పది సెకన్లు. హెడ్‌లైట్లు నీళ్ల మీద పడుతుంటాయి, ఎవరూ మాట్లాడరు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, “ఇది తీసెయ్ తమ్ముడూ, మనకెందుకు” అన్నారు. గొంతు కూడా పెంచలేదు.

తీసేశాను. కుర్రాళ్లకి జీతాలు ఇవ్వాలి, కెమెరా అద్దె బాకీ ఉంది. అది నా తప్పే, ఆయన్ని అనను.

అందుకే రామబ్రహ్మంగారి పని నాకు అంత గొప్పగా కనబడుతుంది. పెట్టుబడి పెట్టినవాడు జమీందారు. తీసింది జమీందారీ దౌర్జన్యం మీద. ఆ దౌర్జన్యం చూపించే సీన్లు పూర్తయిన సినిమాలో ఉన్నాయి. ఉన్నాయి కాబట్టే మిగతా జమీందార్లకు కోపం వచ్చింది. కోట జంక్షన్‌వారు రాజా మనసులో ఏముందో చూస్తున్నారు. నేను ఎడిటింగ్ టేబుల్ మీద ఏం మిగిలిందో చూస్తున్నాను. డైరెక్టర్ తీయాలనుకున్నది జనం ముందుకు వెళ్లిందా లేదా, నాకు అదొక్కటే కొలత.

కోట జంక్షన్ (విజయనగరం)

తమ్ముడూ, నీ ఇసుక లారీల సంగతి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. నీ కొలత న్యాయమైనదే. రామబ్రహ్మం స్వతంత్రుడు, ఒప్పుకున్నాను.

కానీ మనం అడుగుతున్నది సంస్థ గురించి. మనిషి స్వతంత్రం సంస్థ స్వతంత్రం అయిపోదు. ఆయన 1946లో పోయారు. తర్వాత సారథి ఎటు వెళ్లింది?

వేగావతి ఒడ్డు (బొబ్బిలి)

మంచి ప్రశ్న. 1948 చట్టంతో జమీందారీలే పోయాయి. అయినా 1955లో సారథి వాళ్లు ‘రోజులు మారాయి’ తీశారు. మళ్లీ రైతు కథే, భూమి గొడవే. దర్శకుడు తాపీ చాణక్య, ధర్మారావుగారి అబ్బాయి. పాటల్లో కొసరాజు, ‘రైతుబిడ్డ’తో సినిమాల్లోకి వచ్చిన మనిషి. అంటే తొమ్మిదేళ్ల తర్వాత కూడా ఆ ఇంట్లో ఆ దీపం ఉంది.

ఆ తర్వాత హైదరాబాదులో సారథి స్టూడియో కట్టారు. 1959లో ‘మా ఇంటి మహాలక్ష్మి’ పూర్తిగా అక్కడే తయారైంది. హైదరాబాదులో తెలుగు సినిమాకి పునాది పడిందంటే అందులో సారథి వంతు చాలా ఉంది. కానీ స్టూడియో అన్నాక ఫ్లోర్లు ఖాళీగా ఉండకూడదు. లైట్లు, సెట్టింగులు, ల్యాబు, నెల జీతాలు. అద్దెకివ్వాలి, నాలుగు రకాల సినిమాలు తీయాలి. 1961లో ‘కలసివుంటే కలదు సుఖం’ లాంటి కుటుంబ కథలు వచ్చాయి. బాగానే ఆడాయి, నాకూ ఇష్టమే. ‘రైతుబిడ్డ’ తెగువ మాత్రం వాటిలో వెతకను. ఇక్కడ కోట జంక్షన్‌వారి మాట కొంత నిజమని ఒప్పుకోక తప్పదు. సారథిని దారి మళ్లించింది రాజాగారి దివాణం కాదనుకుంటున్నాను, నెలనెలా వచ్చే స్టూడియో ఖర్చు అయి ఉంటుంది.

ఉద్దానం జీడి (పలాస)

నాగావళి తమ్ముడూ, ఆ రెండు నిమిషాల పది సెకన్లు చెరిపేశావా, దాచావా?

నాగావళి కెమెరా (శ్రీకాకుళం)

దాచాను అన్నా. వేరే హార్డ్ డిస్కులో ఉంది. ఆయన పెట్టిన డబ్బులో సగం తిరిగి ఇచ్చేశాను, మిగతాది సంక్రాంతి లోపల ఇచ్చేస్తాను. అప్పుడు ఆ సీను దాని చోట పెట్టి పలాసలో మీ దగ్గరే మొదటి ఆట వేస్తాను. తెర, స్పీకర్లు మీరు చూసుకుంటారా?

ఉద్దానం జీడి (పలాస)

తెర నాది. స్పీకర్లు మా బావమరిది దగ్గర ఉన్నాయి. తేదీ చెప్పు.